ముక్క పరీక్షకు పోయింది... కంప్యూటర్ వెంటనే చెప్పలేదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల క్యాన్సర్ల మీదే. జీన్ల పరీక్ష, ఏఐ అన్న మాటలు దాదాపు అన్నింట్లోనూ ఉన్నాయి. అందుకే కొన్నింటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను. నేను మైక్రోస్కోపు కింద స్లైడ్లు చూసే మనిషిని, కంప్యూటర్ల మనిషిని కాదు. నా మొగ్గు ఎటో ముందే తెలిస్తే చదివేవాళ్లకు మంచిది కదా.

ప్రశ్న: మా కూతురి బిడ్డకు నాలుగేళ్లు. కడుపులో గడ్డ ఉందంటే వేలూరు తీసుకెళ్లాం. సూదితో ముక్క తీశారు. మొదటి రిపోర్టులో 'స్మాల్ రౌండ్ బ్లూ సెల్ ట్యూమర్' అని రాసి, ఇంకా పరీక్షలున్నాయి, ఆగండి అన్నారు. అల్లుడి తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. జీన్ల డేటా ఏఐకి ఇస్తే నిమిషాల్లో తేలిపోతుందంటాడు. మరి ఈ ఆలస్యం ఎందుకు? ఏ క్యాన్సరో తెలియకుండా క్యాన్సర్ అని ఎలా అంటారు?
– ఒక తాతగారు, చిత్తూరు

జవాబు: అయ్యా, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. ఆ రిపోర్టులో రాసింది జబ్బు పేరు కాదు, మైక్రోస్కోపులో ఏం కనబడిందో అది. ముక్కను ఫార్మాలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి బ్లాక్ చేస్తాం. దాన్ని వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనంత పలచగా కోసి, అద్దం మీద పరిచి రంగు వేస్తాం. ఈ రకం గడ్డల్లో కణమంతా కేంద్రకమే, చుట్టూ ఉండే పదార్థం పిసరంత. కేంద్రకం నీలం రంగు పీల్చుకుంటుంది కాబట్టి స్లైడంతా కిక్కిరిసిన నీలి చుక్కలు. నరాల కణాల్లో పుట్టే న్యూరోబ్లాస్టోమా అలాగే ఉంటుంది, కండరం తరహా రాబ్డోమయోసార్కోమా అలాగే ఉంటుంది, ఎక్కువగా ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమా, తెల్ల రక్తకణాల్లో పుట్టే బర్కిట్ లింఫోమా కూడా అంతే. ఇది క్యాన్సరే అని చెప్పడానికి ఆ స్లైడు చాలు, ఏ క్యాన్సరో చెప్పడానికి చాలదు. ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లు కూడా ఆ ఒక్క స్లైడు చూసి పేరు రాసి సంతకం పెట్టరు, పెట్టకూడదు.

ఎందుకంటే వైద్యం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. బర్కిట్ అయితే పెద్ద ఆపరేషన్ జోలికే పోరు. గట్టి కీమో పడితే గడ్డ రోజుల్లోనే కరుగుతుంది. ఎంత వేగంగా కరుగుతుందంటే, చచ్చిన కణాల్లోంచి వచ్చే యూరిక్ యాసిడ్, పొటాషియం కిడ్నీలనూ గుండెనూ దెబ్బతీయకుండా ముందే సెలైన్లు, మందులు పెట్టి కాచుకోవాలి. న్యూరోబ్లాస్టోమా అయితే బిడ్డ వయసెంత, గడ్డ ఎక్కడిదాకా పాకింది, ఎంవైసీఎన్ అనే జీన్ కాపీలు పెరిగాయా అన్నవి చూస్తారు. కొందరికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, కొందరికి కీమో, రేడియేషన్, మూలకణాల మార్పిడి దాకా వెళ్లాల్సి వస్తుంది. పేరు తప్పితే మందూ తప్పుతుంది. అందుకే ఆగమన్నారు.

ఈ రోజుల్లో అక్కడ జరిగే పని ఇది. అదే బ్లాక్‌లోంచి ఇంకొన్ని పొరలు కోసి ఒక్కోదానికి ఒక్కో మార్కర్, అంటే కణంలో ఉండే ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకునే మందు వేస్తారు. డెస్మిన్, మయోజెనిన్ పట్టుకుంటే కండరం వైపు, అంటే రాబ్డోమయోసార్కోమా. సీడీ45 పట్టుకుంటే లింఫోమా వైపు. సీడీ99 గట్టిగా పట్టుకుంటే యూయింగ్ అన్న అనుమానం వస్తుంది, కానీ ఆ మార్కర్ కొన్ని లింఫోమాల్లో కూడా వెలుగుతుంది కాబట్టి దానొక్కదాన్నే నమ్మరు, ఫిష్ అనే పరీక్షలో 22వ క్రోమోజోమ్ మీది ఈడబ్ల్యూఎస్ఆర్1 జీన్ తెగిందా లేదా అని చూస్తారు. న్యూరోబ్లాస్టోమా అనుమానం ఉంటే మూత్రంలో ఆ గడ్డ వదిలే వీఎంఏ, హెచ్‌వీఏ అనే పదార్థాలు కూడా చూస్తారు. బాబు మూత్రం పట్టి ఇమ్మన్నారా? అయితే అందుకే. ఇవన్నీ ఒక్కపూటలో అయ్యేవి కావు.

ఇక మీ అల్లుడి తమ్ముడి మాట. అతను గాల్లోంచి చెప్పలేదు. 2001లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జావెద్ ఖాన్, ఆయనతో పనిచేసినవాళ్లు, స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి సరిగ్గా ఈ నాలుగు నీలి కణాల గడ్డల మీదే పనిచేశారు. మన కణాలన్నింట్లో ఉండే జీన్లు అవే, కానీ ఏ కణంలో ఏ జీన్ ఎంత పనిచేస్తోందన్నది వేరు. పనిచేసే జీన్ నుంచి ఆర్ఎన్ఏ తయారవుతుంది, దాన్ని కొలవొచ్చు. వాళ్లు ఒక్కో ముక్కలో 6,567 జీన్లు కొలిచి, సరిగా కొలవలేకపోయినవి తీసేసి 2,308 ఉంచుకున్నారు. 63 నమూనాలు చూపించి కంప్యూటర్‌కు నేర్పారు. ఆఖరికి 96 జీన్లు చాలని తేలింది. తర్వాత పేరు దాచి కొత్త నమూనాలు 25 ఇచ్చారు. అందులో 20 ఈ నాలుగు రకాలవి, అన్నింటినీ సరైన గుంపులోనే వేసింది. మిగతా ఐదూ అసలు ఈ నాలుగింట్లో ఏవీ కావు, రెండు మామూలు కండరం ముక్కలు, ఒకటి ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు, అలాంటివి. వాటికి ఈ నాలుగు పేర్లలో ఏదీ నమ్మకంగా అంటించలేదు. నాకు ఆ 20 కన్నా ఈ ఐదే గొప్పగా అనిపిస్తాయి.

అంత బాగా వస్తే ఆస్పత్రిలో ఎందుకు లేదంటారా? ఆర్ఎన్ఏ చాలా సున్నితం. ముక్క తీసిన వెంటనే గడ్డకట్టించి దాచాలి, ఫార్మాలిన్‌లో పడ్డాక అది తునకలైపోతుంది. సూదితో తీసిన బియ్యపు గింజంత ముక్కలో మార్కర్లకు పోగా మిగిలేది ఎంత? పైగా నాలుగు పేర్లు నేర్చిన యంత్రానికి ఆ నాలుగే తెలుసు. నాలుగేళ్ల బిడ్డ కడుపులో గడ్డంటే కిడ్నీలో వచ్చే విల్మ్స్ కూడా కావచ్చు. మార్కర్లు, ఫిష్ ఎక్కడ చేసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది, ఖర్చూ తక్కువ. కంప్యూటర్‌కు నిమిషాలు చాలు, నిజమే. దానికి పెట్టే డేటా తయారవడానికే రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మార్కర్ల రిపోర్టు ఎలాగూ వచ్చేస్తుంది.

ప్రశ్న: నేను తిరుపతిలో బీటెక్ ఫైనలియర్. నెట్‌లో దొరికే పిల్లల గడ్డల డేటా తీసుకున్నాను, 83 శాంపిళ్లు, 2,308 జీన్లు. మొత్తం మీద లెక్కవేసి బాగా తేడా చూపించే 100 జీన్లు ఏరుకుని, తర్వాత క్రాస్ వాలిడేషన్‌లో (విడతకు కొన్ని శాంపిళ్లు పక్కనపెట్టి వాటితో పరీక్ష పెట్టే పద్ధతి) రాండమ్ ఫారెస్ట్, ఎస్‌వీఎం అనే గుంపులు చేసే ప్రోగ్రాములు నడిపితే 100 శాతం ఆక్యురసీ వచ్చింది. మా గైడ్ జర్నల్‌కి పంపమంటున్నారు. డాక్టర్లు వాడేలా యాప్ చేయాలని ఉంది. సలహా ఇస్తారా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తల్లీ, నువ్వు తీసుకున్నది పై జవాబులో చెప్పిన 2001 నాటి డేటానే. అంకెలు చూడగానే తెలిసిపోయింది.

ముందు ఆ 100 జీన్ల సంగతి. వాటిని ఏరేటప్పుడు 83 నమూనాల పేర్లూ చూశావు. ఆ తర్వాత కొన్నింటిని పక్కన పెట్టి 'ఇవి నా మోడల్ చూడలేదు' అని పరీక్ష పెట్టావు. చూడకపోవడం ఏమిటి, జీన్లు ఏరడంలోనే చూసేసింది కదా! పేపర్ లీకైన పరీక్షలో వచ్చిన ర్యాంకు ఇది. 2,308 జీన్లలో అసలు ఏ సంబంధం లేకపోయినా, నూటికి ఐదు చొప్పున కాకతాళీయంగా తేడా చూపించేవి లెక్కేసినా 115 తేలతాయి. నువ్వు ఏరింది 100. అవన్నీ కాకతాళీయమే అనడం లేదు, కానీ కాదని నీ పద్ధతి నిరూపించలేదు. 2002లోనే ఆంబ్రాయిస్, మెక్‌లాక్లన్ అనే ఇద్దరు ఇదే తప్పును లెక్కలతో సహా చూపించారు, అయినా ఇప్పటికీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది కనబడుతూనే ఉంటుంది.

ఒక పని చెయ్యి. 83 నమూనాల మీద ఉన్న జబ్బు పేర్లను ఇష్టమొచ్చినట్టు కలిపేసి, అంటే యూయింగ్ దానికి బర్కిట్ అని, బర్కిట్ దానికి ఇంకేదో అని తలకిందులు చేసి, నీ ప్రోగ్రామ్‌ను అక్షరం మార్చకుండా మళ్లీ నడుపు. అర్థం లేని పేర్లకు కూడా మంచి ఆక్యురసీ వస్తే, లీకు ఎక్కడుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తర్వాత జీన్లు ఏరే పనిని క్రాస్ వాలిడేషన్ లోపలికి, ప్రతి విడతలోనూ (ఫోల్డ్) శిక్షణ భాగం మీదే జరిగేలా మార్చు.

అలా మార్చినా మార్కులు పెద్దగా తగ్గకపోవచ్చు, ఆశ్చర్యపోకు. ఈ నాలుగు జబ్బులూ జీన్ల దగ్గర నిజంగానే దూరదూరంగా ఉంటాయి. 2002లో స్టాన్‌ఫర్డ్‌లో టిబ్షిరానీ బృందం ఇంకా సులువైన పద్ధతితో, 43 జీన్లతోనే, ఆ 20 పరీక్ష నమూనాల్లో ఒక్కటీ తప్పకుండా చెప్పింది. కాబట్టి ఈ డేటా మీద 100 శాతం అన్నది ఇప్పుడు వార్త కాదు. మీ గైడ్ గారికి ఈ ముక్క మెల్లగా చెప్పు.

నన్ను అడిగితే అసలు చూడాల్సినవి వేరే రెండున్నాయి. పరీక్ష నమూనాలు 25 అన్నాను, నీ దగ్గర 63కు 20 కలిపి 83 ఉన్నాయి. ఆ ఐదూ ఏమయ్యాయి? పాఠాల కోసం డేటాను తయారు చేసినప్పుడు ఏ గుంపుకూ చెందని ఐదింటినీ పక్కన పెట్టేశారు. దాంతో నీ మోడల్‌కు 'ఇది నాకు తెలిసినవాటిలో లేదు' అని చెప్పే అవసరమే రాలేదు. కోడి మాంసం ముక్క నుంచి కొలిచిన అంకెలు ఇచ్చినా నాలుగు క్యాన్సర్లలో ఏదో ఒకటి చెబుతుంది, బహుశా రాబ్డోమయో అంటుంది, కండరం కాబట్టి. (ఇది జోక్ మాత్రమే, ప్రాజెక్టులో రాయొద్దు.) ఆస్పత్రికి పనికొచ్చే పరికరం మొదట నేర్వాల్సింది ఆ 'తెలియదు' అనడమే.

రెండోది, నమూనాల పేర్లు ఉన్న అసలు పట్టిక చూడు. పేర్లలో టి అని ఉన్నవి పిల్లల గడ్డల నుంచి తీసినవి, సి అని ఉన్నవి ల్యాబ్‌లో గిన్నెల్లో పెంచిన కణాలు. శిక్షణలో ఉన్న న్యూరోబ్లాస్టోమా 12, బర్కిట్ 8, మొత్తం గిన్నెలో పెంచినవే. యూయింగ్, రాబ్డోమయో మాత్రం రెండు రకాలూ కలిసి ఉన్నాయి. మరి నీ మోడల్ నేర్చింది జబ్బు తేడానా, గిన్నెకూ మనిషికీ ఉన్న తేడానా? కొంత అదీ కొంత ఇదీ అయితే ఎలా విడదీస్తావు? ఇలాంటి గొడవే వేర్వేరు ల్యాబుల డేటా కలిపినప్పుడు ఇంకా పెద్దగా వస్తుంది. ఒక జబ్బంతా ఒక ల్యాబ్ నుంచి, ఇంకో జబ్బంతా ఇంకో ల్యాబ్ నుంచి వస్తే కంప్యూటర్ హాయిగా ల్యాబ్‌ను గుర్తుపట్టి జబ్బును గుర్తుపట్టానంటుంది.

యాప్ ఆలోచన ప్రస్తుతానికి అటక మీద పెట్టు. అమెరికా క్యాన్సర్ సంస్థ నడిపిన టార్గెట్ అనే కార్యక్రమంలో పిల్లల న్యూరోబ్లాస్టోమా, లుకేమియా, ఎముక, కిడ్నీ గడ్డల ఆర్ఎన్ఏ డేటా ఉంది, విద్యార్థులకు అందే భాగం కూడా ఉంది. ఒకచోటి డేటాతో నేర్పి, వేరే చోటి డేటాతో పరీక్ష పెట్టు. 100 కాస్తా 80కి పడిపోయినా సరే, ఎందుకు పడిందో రెండు పేజీలు రాస్తే నీ ప్రాజెక్టు నేను కూడా చదువుతాను.

ప్రశ్న: మా వాడికి ఏడేళ్లు, ఏఎల్ఎల్ బ్లడ్ క్యాన్సర్‌కు మొదటి విడత కీమో నడుస్తోంది. ఫిలడెల్ఫియా నెగిటివ్, మంచిదే అన్నారు డాక్టర్. కానీ ఫిలడెల్ఫియా లాంటిది అని ఇంకోటి ఉందని, అది మామూలు టెస్టుల్లో దొరకదని, కంప్యూటర్లే కనిపెట్టాయని చదివాను. అప్పటినుంచీ ఒకటే టెన్షన్, నిద్ర లేదు.
– ఒక టీచరమ్మ, మదనపల్లె

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. కానీ మీ బాబుకు అదే ఉందని దానికి అర్థం కాదు.

లుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో, జీన్ల కొలతలతో గుంపులు చేయడం 1999లోనే మొదలైంది. గోలబ్, లాండర్ వాళ్ల బృందం 38 మంది ఎముక మజ్జ నమూనాలతో నేర్పి, 50 జీన్లతో ఏఎల్ఎల్, ఏఎంఎల్ అనే రెండు రకాలనూ విడదీసింది. చూడటానికి అద్భుతమే, కానీ ఆ పని కణాల మీది గుర్తులను ఒక్కో కణంలో చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షతో అప్పటికే జరుగుతోంది. అసలు కొత్త సంగతి 2009లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం విడివిడిగా చూస్తే, కొందరు పిల్లల్లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (9, 22 క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారై ఏర్పడేది) లేదు, అయినా జీన్ల తీరు మాత్రం అచ్చం అది ఉన్నవాళ్లలాగే ఉంది. వాళ్లలో జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువ. స్లైడులో గానీ మామూలు క్రోమోజోమ్ పరీక్షలో గానీ కనబడని గుంపును యంత్రం ముందు పెట్టిందంటే, నాలాంటి స్లైడు మనిషి కూడా ఒప్పుకోవాల్సిందే. ఇప్పుడు డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణలో దానికి స్థానం ఉంది, అందులో కొందరికి ఇమాటినిబ్, డాసాటినిబ్ తరహా మందులు కలిపి చూస్తున్నారు.

ఇది చిన్న పిల్లల్లో తక్కువ, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. మొదటి విడత పూర్తయ్యాక ఎంఆర్‌డీ అనే పరీక్ష చేస్తారు, మజ్జలో లుకేమియా కణాలు ఏమైనా మిగిలాయా అని. బాబు ముందు ముందు ఎలా ఉంటాడో చెప్పడంలో దాన్ని మించినవి తక్కువ. ఆ రిపోర్టు రాగానే డాక్టర్‌ను రెండు మాటలు అడగండి, ఎంఆర్‌డీ ఎంత వచ్చింది, దాన్ని బట్టి ఫిలడెల్ఫియా లాంటి దాని కోసం వెతకాల్సిన అవసరం ఉందా అని. అవసరముంటే ఫిష్‌తోనో ఆర్ఎన్ఏ పరీక్షతోనో వెతుకుతారు. కీమో మాత్రం ఒక్క రోజు కూడా ఆపొద్దు, వాయిదా వేయమని మీ డాక్టర్ తప్ప ఇంకెవరు చెప్పినా.

ప్రశ్న: చిన్న పాపకు గడ్డ వచ్చింది, జీన్ల మార్పు అని రిపోర్టులో ఉంది. ఇంటిల్లిపాదికీ జీన్ టెస్టు చేయించాలా? రేపు పెద్దమ్మాయి సంబంధాలకు అడ్డం వస్తుందని మా అత్తగారు ఒకటే గోల.
– ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: గడ్డలో జీన్లు మారడం వేరు, పుట్టుకతో అమ్మానాన్నల నుంచి జీన్ మార్పు రావడం వేరు. పాప గడ్డలో కనబడింది సాధారణంగా ఆ గడ్డ కణాల్లోనే పుట్టిన మార్పు, ఒంట్లో మిగతా చోట్ల ఉండదు, అక్కకు అంటదు. క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో పుట్టుకతో వచ్చిన మార్పు ఉన్నవాళ్లు పదిలో ఒకరికి అటూ ఇటూ. రెండు కళ్లలోనూ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వచ్చినా, దగ్గరి బంధువుల్లో చిన్న వయసు క్యాన్సర్లు చాలా ఉన్నా అప్పుడు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు పంపుతారు. మీ పాప డాక్టర్ అలా చెప్పకపోతే ఎవరికీ టెస్టు అక్కర్లేదు. అత్తయ్యగారికి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి పోయినేడు మెదడులో గడ్డ తీశారు, మెడుల్లోబ్లాస్టోమా అన్నారు. ఇప్పుడు చూస్తున్న డాక్టర్ పాత బ్లాక్ తెమ్మంటున్నారు, మిథైలేషన్ పరీక్షకు పంపుతారట, కంప్యూటర్ గుంపు చెబుతుందట. ఏడాది నాటి మైనం ముక్కలో ఇంకేం మిగిలి ఉంటుంది? దండగ ఖర్చేమో?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మిగిలే ఉంటుంది. పైన ఆర్ఎన్ఏ తునకలైపోతుందన్నాను కదా, డీఎన్ఏ మీద ఉండే మిథైల్ గుర్తులు (జీన్లు పనిచేయడాన్ని అదుపు చేసే రసాయన గుర్తులు) అంత తేలిగ్గా చెరగవు. ఏడాది కాదు, అంతకన్నా పాత బ్లాకుల నుంచి కూడా తీస్తున్నారు. ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికొచ్చిన యంత్రం పరీక్షల్లో ఇదొకటి. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం 2,801 నమూనాలతో, 82 రకాల మెదడు, వెన్ను గడ్డలను గుర్తుపట్టేలా రాండమ్ ఫారెస్ట్‌కు నేర్పింది. తర్వాత రోజువారీ వచ్చే 1,104 కేసుల మీద వాడి చూస్తే దాదాపు 12 శాతంలో మొదటి రిపోర్టు మార్చాల్సి వచ్చింది. ఇంచుమించు అంతే శాతం కేసుల్లో నాకు తెలిసిన ఏ రకానికీ సరిపోవడం లేదంది.

మెడుల్లోబ్లాస్టోమాలో నాలుగు పెద్ద గుంపులు, డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4. మొదట్లో ఈ తేడాలు బయటపడింది జీన్ల పనితీరు కొలతల్లోనే. డబ్ల్యూఎన్‌టీ గుంపు పిల్లలు చాలా బాగా కోలుకుంటారు, గ్రూప్ 3లో కష్టం ఎక్కువ. కాబట్టి దండగ కాదు, ఇంకా వైద్యం నడుస్తుంటే అసలే కాదు. ఖర్చు సంగతి, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వస్తుంది ఏది రాదు అన్నది ఆస్పత్రిలో ఉండే ఆ పథకం సిబ్బందిని ముందే అడగండి.

బ్లాక్ ఎక్కడ ఆపరేషన్ అయిందో అక్కడి పాథాలజీ విభాగంలో ఉంటుంది. బిడ్డ కేస్ నంబరు, రిపోర్టు మీది బయాప్సీ నంబరు, ఇప్పటి డాక్టర్ రాసిచ్చిన చీటీ పట్టుకెళ్లండి, మొత్తం బ్లాకులు కాకుండా గడ్డ ఎక్కువగా ఉన్నది ఒకటి ఇమ్మని అడగండి, రసీదు తీసుకోండి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయండి. మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టి అలిపిరి నుంచి రేణిగుంట దాకా తిప్పకండి, మైనం మెత్తబడుతుంది. గట్టి డబ్బాలో పెట్టి చేతిలో పట్టుకెళ్లండి. రిపోర్టు వచ్చాక గుంపు పేరు పక్కన ఒక స్కోరు ఉంటుంది. 0.9, అంతకు పైన ఉంటే యంత్రం గట్టిగా చెబుతున్నట్టు లెక్క. తక్కువ ఉంటే ఆ పేరును పట్టుకుని నెట్‌లో వెతుకుతూ కూర్చోవద్దు, స్లైడు చూసిన పాథాలజిస్టునూ మీ డాక్టర్‌నూ కలిసి మాట్లాడుకోమనండి.